ఏడు-ఏ

ఏడో నంబరుకి ఛాయ ఉందని డాక్టరుగారు అన్నారు. ఏడో నంబరుకి చాయ్ ఉందని వరండాలో కూర్చున్నవాళ్ళందరూ విన్నారు.

తప్పు డాక్టరుగారిదే. నోట్లోంచి ఇంగ్లీషు ముక్క దొర్లితే వెంటనే పుక్కిలించుకునే రకం ఆయన. లోకమంతా షాడో అనేదాన్ని ఆయన ఛాయ అంటారు. అదైనా గదిలోంచి బయటికొచ్చి అనరు, తలుపు సందులోంచి ముక్కు మాత్రం బయటపెట్టి అంటారు. అక్కడున్నదేమో రక్తపరీక్షల కోసం పొద్దుటినుంచీ కడుపులు మాడ్చుకున్న జనం. ఏడో నంబరువాడికొక్కడికే చాయ్ ఏమిటి, మేమేం పాపం చేశామంటూ బెంచీల మీంచి లేచారు. ఏడో నంబరువాడు మొహమాటస్థుడు. నిలబడి, చేతులు కట్టుకుని, తనకొక్కడికే వద్దని, ఉంటే అందరికీ ఇమ్మని అడిగాడు.

డాక్టరుగారు ముక్కుతో పాటు మిగిలిన మొహం కూడా బయటికి తెచ్చారు. "తేనీరు కాదు నాయనా. నీడ. కుడి ఊపిరితిత్తి పైభాగాన, గోరంత."

మొహమాటస్థుడు కట్టుకున్న చేతులు విప్పలేదు. కూర్చోనూ లేదు. వెనక బెంచీలవాళ్ళకి విషయం ఇంకా చేరలేదు కాబట్టి అక్కడ నవ్వులు నడుస్తూనే ఉన్నాయి.

అక్కడున్నది ధ్రువప్రాంతంలోని పరిశోధన కేంద్రానికి పద్నాలుగు నెలల కాపురానికి వెళ్ళబోతున్న బృందం. విమానం నాలుగు రోజుల్లో ఉంది. వెళ్ళేది పన్నెండుమంది, పరీక్షలకి వచ్చింది ఇరవై నలుగురు. ప్రతి ఉద్యోగానికీ అసలు మనిషి ఒకరు, ఆ మనిషికేమైనా అయితే వెళ్ళడానికి బదులు మనిషి ఇంకొకరు. ఇద్దరికీ నంబరు ఒకటే, బదులు మనిషికి చివర ఒక 'ఏ' తగిలిస్తారు. ఏడు అంటే జనరేటరు మెకానిక్కు. ఆ ఏడు ఈ మొహమాటస్థుడు, ముప్ఫై ఒకటి నిండినవాడు. ఏడు-ఏ అతని అక్క మొగుడు. ఆయనకి నలభై తొమ్మిది. ఆయన 'ఏ' కావడం ఇది వరసగా నాలుగోసారి. అందుకే ఆఫీసులో అందరూ ఆయన్ని స్టెప్నీ అంటారు. డిక్కీలో పడుండే చక్రం. ఇంకో చక్రానికి గాలి పోతేనే దానికి గాలి తగిలేది.

స్టెప్నీకి ఆ పేరంటే కోపం లేదు. దాని మీద మొదటి జోకు ఆయనే వేశాడు. మంచు మధ్యలో పంటినొప్పి వస్తే పీకే నాథుడుండడని, వెళ్ళేవాళ్ళకి ముందే జ్ఞానదంతాలు పీకేస్తారు, బదులువాళ్ళకీ పీకేస్తారు. నాలుగూ పోయినా తనకి జ్ఞానం రాలేదని స్టెప్నీ అందరికీ నోరు తెరిచి చూపించేవాడు. అపెండిక్సూ తీసేస్తారు. పుస్తకంలో అపెండిక్సుని అనుబంధం అంటారు కదా, అసలు నేనే ఈ బృందానికి అనుబంధాన్ని, నాలోంచి ఇంకో అనుబంధాన్ని తీశారు, ఇక మిగిలింది అట్టే అనేవాడు. యాభై దాటితే 'ఏ' గా కూడా తీసుకోరు. స్టెప్నీకి యాభై రావడానికి ఇంకా ఐదు నెలలుంది.

వరండాలో అందరికంటే గట్టిగా నవ్విందీ ఆయనే. నవ్వుతూనే లెక్క వేసుకున్నాడు.

ఎక్స్‌రే తీసింది మొన్న. లోపల కూర్చున్న మనిషి తలెత్తడు, నంబరు పిలుస్తాడు, వచ్చినవాడి ఛాతీ పలకకి ఆనించి ఊపిరి బిగబట్టమంటాడు, అంతే. పిలిచినప్పుడు పలకకపోతే వరస చివరికి నెట్టేస్తాడు. ఏడు అని పిలిచేసరికి బామ్మర్ది అక్కడ లేడు. ఇంటిదగ్గర భార్యకి ఆరో నెల, పొద్దుటినుంచీ వాంతులని ఫోను వస్తే మెట్లకిందికి పోయి మాట్లాడుతున్నాడు. వాడి వరస పోతుందని స్టెప్నీ తనే లోపలికెళ్ళి నిలబడ్డాడు. బయటికొచ్చేటప్పటికి బామ్మర్ది పరిగెత్తుకొస్తున్నాడు. ఏమీ చెప్పకుండా వీపు మీద చెయ్యి వేసి లోపలికి తోశాడు. ఏడు-ఏ కోసం సిద్ధంగా ఉన్న పలకకి బామ్మర్ది ఛాతీ ఆనింది. ఈ మార్పు సంగతి లోపలి మనిషికి చెబుదామనుకున్నాడు స్టెప్నీ. ఈలోగా ఎనిమిదిని పిలిచారు, తర్వాత భోజనాల గంట కొట్టారు, ఇద్దరివీ రాయిలాంటి గుండెలేగా అని ఊరుకున్నాడు.

కాబట్టి ఆ గోరంత నీడ తనది. అది తెలిసింది ఆ వరండాలో ఆయనొక్కడికే.

*

తర్వాత జరగాల్సినవన్నీ గంటలో జరిగిపోయాయి. అనుమానం ఉన్నవాళ్ళని విమానం ఎక్కించరు. మళ్ళీ ఎక్స్‌రే తీసినా ఇదే కనబడుతుందని, క్షయ అయినా మందులతో తగ్గిపోతుందని, అసలు నీడ ఏమిటో తేలాలంటే పెద్దాసుపత్రిలో స్కాన్ తియ్యాలని డాక్టరుగారు చెప్పారు. అక్కడ దొరికిన తేదీ పదకొండు రోజుల తర్వాత. బృందం లీడరు వాతావరణ శాస్త్రవేత్త, తక్కువ మాట్లాడే మనిషి, అందరూ లీడరమ్మ అంటారు. ఆవిడ జాబితా తెప్పించి ఏడు మీద గీత గీసింది. తర్వాత స్టెప్నీ మెడలో వేలాడుతున్న బిళ్ళని దగ్గరికి లాక్కుని, చివరి 'ఏ' ని బ్లేడుతో గీకేసింది. అంత దగ్గరగా నిలబడితే ఆయన నోరు ఎండిపోయి ఉన్నట్టు ఆవిడకి తెలిసే ఉంటుంది. సంతోషమనుకుంది.

జనం భుజాలు తట్టారు. డిక్కీ తెరుచుకుంది అన్నారు. స్టెప్నీ కూడా ఊరుకోలేదు, ధ్రువానికి వెళ్ళేవాడికి బట్టలకంటే ధ్రువపత్రాలే ఎక్కువ బరువని, ఇక మంచం మీద కనే కలలు మంచు మీద కంటానని ఏదేదో అన్నాడు. నోరు దానంతటదే తిరిగింది, ఇంజిను ఆపినా కాసేపు తిరిగే ఫ్యాను రెక్కలాగా.

బామ్మర్ది అందరూ వెళ్ళాక వచ్చాడు. దగ్గరికి రాకుండా మూడడుగుల దూరంలో ఆగాడు. "పోనీలే బావా, నువ్వు వెళ్తున్నావు. అదే చాలు" అని, పక్కకి తిరిగి దగ్గాడు.

ఆ క్షణం దాకా వాడికి దగ్గు లేదు. ఆరేళ్ళుగా షెడ్డులో పక్కపక్కనే పనిచేసిన స్టెప్నీకి అది బాగా తెలుసు. కాగితం చెప్పింది కాబట్టి ఒళ్ళు ఒప్పుకుంది. అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. చెబుదామని నోరు తెరిచాడు కూడా. తీరా బయటికొచ్చింది ఇంకో మాట. చల్లటి నీళ్ళు తాగకు, అన్నాడు.

*

మర్నాడు షెడ్డుకి వెళ్ళాడు. అక్కడ కేంద్రంలో ఉన్న జనరేటరుకి కవలపిల్లలాంటి జనరేటరు ఈ షెడ్డులో ఉంది. అక్కడికి వెళ్ళే ప్రతి మెకానిక్కూ దీని మీద స్టెప్నీ దగ్గర నేర్చుకునే వెళ్ళాడు. ముగ్గురు వెళ్ళారు, ఇద్దరు తిరిగొచ్చారు, మూడోవాడు ఇంకా అక్కడే ఉన్నాడు, నాలుగోవాడు బామ్మర్ది కావాల్సింది. నేర్పినవాడు మాత్రం ఇక్కడే. అక్కడ ఏ తేడా వచ్చినా ఫోను చేస్తారు. మాటలు వద్దు, ఫోను ఇంజిను పక్కన పెట్టు అంటాడు స్టెప్నీ. ఒక చెవి మూసి ఇంకో చెవి తెరిచి వింటాడు. మూడో సిలిండరు ఇంజెక్టరు మసిపట్టిందనో, బెల్టు వదులైందనో చెబుతాడు. చెప్పింది చెప్పినట్టే ఉంటుంది. నాలుగేళ్ళుగా ఆ ఇంజిను గొంతు విన్నాడు, మొహం చూడలేదు.

ఆ రోజు ఫోను చేసింది అక్కడ దిగిపోవడానికి సిద్ధంగా ఉన్న మెకానిక్కు. తేడా ఏమీ లేదట, ఈసారి వచ్చేది స్టెప్నీయే అని తెలిసి ఊరికే చేశాడట. ఇంజిను మీ కోసం ఎదురుచూస్తోంది, వినండని తనే ఫోను తీసుకెళ్ళి దాని పక్కన పెట్టాడు. స్టెప్నీ వంగి, రెండో చెవిలో వేలు పెట్టుకుని విన్నాడు. శుభ్రంగా నడుస్తోంది. ఒక్క దెబ్బ తప్పడం లేదు. అది ఆగితే ఆ కేంద్రంలో నీళ్ళు గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో, మనుషులకి ఎంతసేపు పడుతుందో, ప్రతి పాఠం మొదట్లో ఆయనే చెబుతాడు. నల్లబల్ల మీద ఆ రెండు అంకెలూ ఇంకా ఉన్నాయి. చలికాలం ఎనిమిది నెలలు విమానం రాదు. అక్కడ మెకానిక్కు మంచమెక్కితే ఇంజిను కూడా మంచమెక్కినట్టే.

ఫోను పెట్టేసి షెడ్డు వెనక్కి వెళ్ళాడు. అక్కడ నీళ్ళ ట్యాంకుకి ఇనుప నిచ్చెన ఉంది, నలభై రెండు మెట్లు. ఆగకుండా ఎక్కాడు. పైన నిలబడి గుండె మీద అరచెయ్యి పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఎక్కడైనా గరగర ఉందేమోనని ఇంజినుని విన్నట్టే తనని తాను విన్నాడు. ఏమీ లేదు. ఆయాసం కూడా లేదు. అయితే ఆ నీడ ఏ పాత జలుబు మచ్చో అయ్యుంటుంది. వాడికా, పదకొండు రోజులు భయం. పన్నెండో రోజు స్కాన్‌లో ఏమీ ఉండదు, నీడ మాయమైందని అందరూ సంబరపడతారు. పదకొండు రోజుల భయంతో ఎవడూ చావడు. ఈ మాట పైన ఒకసారి అనుకున్నాడు. దిగేటప్పుడు మెట్టు మెట్టుకీ అనుకున్నాడు, ఇంకో నలభై రెండుసార్లు.

మధ్యాహ్నం బట్టల స్టోరుకి పిలిచారు. స్టోరావిడ బదులు మనుషుల్ని ఎంచేటప్పుడు ఒక కండిషను పెట్టింది, అసలు మనిషి కొలతే బదులు మనిషికీ ఉండాలని. స్టెప్నీ చక్రం అసలు చక్రం సైజులోనే ఉండాలిగా. ఒక్కో ఉద్యోగానికి ఒక్కటే జత బట్టలు. ఆల్టర్నేట్‌కి ఆల్టరేషను అక్కర్లేదని ఆవిడా స్టెప్నీ ఏటా అనుకునే జోకు. ఇన్నేళ్ళూ ఆయన చెయ్యాల్సిందల్లా ఆవిడ ముందు ఒకసారి తొడుక్కుని చూపించి, విప్పి ఇచ్చెయ్యడం. ఈసారి తొడుక్కుని అలవాటు కొద్దీ మళ్ళీ జిప్పు కిందికి లాగబోతే ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. ఇక విప్పక్కర్లేదు, ఇంటికి తీసుకుపొండి అంది. ఆ నారింజరంగు కోటు సంకన పెట్టుకుని బస్సెక్కాడు. పక్క సీటామె ఇంత ఎండలో ఈ కోటేమిటన్నట్టు చూసింది. మామూలుగా అయితే ఆవిడకి ఇల్లు చేరేదాకా సరిపడా కబుర్లు చెప్పేవాడు.

*

మూడో రోజు సాయంత్రం బామ్మర్ది ఇంటికి వెళ్ళకుండా ఉండలేకపోయాడు. వెళ్ళకపోతే భార్యకి సమాధానం చెప్పాలి.

బామ్మర్ది ఇంటి బయట మెట్ల మీద కూర్చుని అన్నం తింటున్నాడు. కంచానికి అంచు చుట్టూ ఎర్రగీత వేసి ఉంది. షెడ్డులో వాల్వుల మీద వేసే రంగే. గ్లాసుకీ వేసుకున్నాడు, చెంచాకీ వేసుకున్నాడు. భార్య లోపల కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. కిటికీ రెక్క మూసే ఉంది. అద్దం వెనకనుంచి ఆవిడ ఇంకొంచెం పెట్టుకోమని సైగ చేస్తోంది, అతను చాలని సైగ చేస్తున్నాడు. వరండాలో చాప, దిండు, దుప్పటి చుట్టి ఉన్నాయి. పుట్టబోయేదానికి అంటుతుందని మొన్నటినుంచీ లోపలికి వెళ్ళడం లేదట. స్నానం కూడా పెరట్లోనే. ఈ మాటలు అతను తలొంచుకుని, కంచంలోని మెతుకులకి చెబుతున్నట్టు చెప్పాడు.

స్టెప్నీ దగ్గరికెళ్ళి పక్కన కూర్చోబోయాడు. అతను కంచం తీసుకుని రెండు మెట్లు కిందికి జరిగాడు.

"బావా, ఒకటి అడుగుతాను, తిట్టకు," అన్నాడు. "ఆరేళ్ళు నీ పక్కనే పనిచేశాను. ఒకే తువ్వాలు వాడాం. నీకేమైనా అంటించానేమోనని నిద్ర పట్టట్లేదు. అక్కడికెళ్ళాక దగ్గొస్తే దాచుకోకు. వెంటనే చెప్పు. నామీద ఒట్టు."

స్టెప్నీకి జోకు దొరకలేదు. జేబులన్నీ తడుముకునే మనిషిలా మొహమంతా తడుముకున్నాడు. నీకేం కాలేదురా అన్నాడు. అందరూ అదే అంటున్నారని బామ్మర్ది అన్నాడు. కంచం కడుక్కొచ్చి, లోపలికి సైగ చేసి భార్య చేత ఒక నోటుపుస్తకం కిటికీ గూట్లో పెట్టించాడు. రెండేళ్ళుగా తను రాసుకున్న పాఠాలట. అవన్నీ నువ్వు చెప్పినవే బావా, అయినా చలికి బుర్ర మొద్దుబారితే చూసుకోవడానికి పనికొస్తుంది, ఆరో పేజీలో మాత్రం నీ లెక్క ఒకటి తప్పు, సరిచేశాను అన్నాడు. పుస్తకం చేతికివ్వకుండా గూట్లో వదిలి, స్టెప్నీని తీసుకోమని దూరంగా నిలబడ్డాడు.

లోపలినుంచి ఆ అమ్మాయి అద్దానికి దగ్గరగా వచ్చి, "అన్నయ్యా, ఈయనకి తగ్గిపోతుందని డాక్టరుగారు నిజంగానే అన్నారా?" అని అడిగింది. అద్దం మీద ఊపిరి ఆవిరి కట్టి మొహం కనబడలేదు.

అన్నారమ్మా, అన్నాడు స్టెప్నీ. అబద్ధం కూడా కాదది. ఆ రోగం ఉన్నవాణ్ణి ఉద్దేశించి డాక్టరుగారు అలాగే అన్నారు.

ఇంట్లో భార్య పెట్టె సర్దుతోంది. పది కిలోలే తీసుకెళ్ళనిస్తారు. వంటింటి త్రాసు తెచ్చుకుని ఒక్కో బనియను తూచి పెడుతోంది. ఎప్పుడూ ఆయన ఈ ప్రయాణాల సంగతి ఎత్తితే ఆ మంచుని పెళ్ళి చేసుకోవాల్సిందని వెక్కిరించే మనిషి, ఈ మూడు రోజులూ ఆ మాటా అనలేదు. తమ్ముడి స్కాన్ అయ్యేదాకా ఆగడం కుదరదా అని ఒకే ఒక్కసారి అడిగింది. విమానం ఆగదన్నాడు. ఆవిడ తలాడించి, సాక్సు ఉండలుగా చుడుతూ, "వెళ్ళండి. పదిహేనేళ్ళ నుంచి అడుగుతున్నారు, ఇంకేమడిగారు గనక నన్ను. వాడి దగ్గర నేనుంటాను. మీరిద్దరూ ఒకేసారి నా చేతుల్లోంచి జారిపోతారని మాత్రం అనుకోలేదు" అంది.

ఆ చివరి మాట కూడా త్రాసులో పెట్టి తూచినట్టే అంది. ఆయన పక్క గదిలోకి వెళ్ళి కోటు తొడుక్కుని, జిప్పు మెడదాకా లాక్కుని, ఫ్యాను కింద చెమటలు కారుతున్నా చాలాసేపు అలాగే కూర్చున్నాడు.

*

విమానాశ్రయంలో వాళ్ళకి విడిగా ఒక హాలు ఇచ్చారు. ఒక గోడ మొత్తం అద్దం. అద్దానికి ఇవతల ప్రయాణం వాళ్ళు, అవతల ఇంటివాళ్ళు. హాలు మధ్యలో బస్తాలు తూచే పెద్ద త్రాసు. చిన్న విమానం కాబట్టి మనిషినీ బట్టల్నీ సంచినీ కలిపి తూచి, అంకె పైకి చదువుతారు. ఇన్నాళ్ళూ వెయిటింగు, ఇవాళే వెయిటు అని బృందంలోని వంటమనిషి స్టెప్నీ వేయాల్సిన జోకు తనే వేసేశాడు.

త్రాసెక్కినవాళ్ళకి ఇంకో పని కూడా ఉంది. ఎవరు ఎప్పుడు మొదలుపెట్టారో తెలియదు, బృందాలన్నీ పాటిస్తున్నాయి. బరువు చదివాక దిగకుండా అక్కడే నిలబడి, డాక్టరు వైపు కాదు, తనతో వచ్చే మిగతా పదకొండుమంది వైపు తిరిగి, "ఒంట్లో నలత లేదు, పనిలో కలత లేదు" అనాలి. అప్పుడు పదకొండుమందీ "సరే" అనాలి. అక్కడ ఒకరి ప్రాణం మీద ఒకరు బతకాలి కాబట్టి ఆ సరే అనేది సంతకం కంటే గట్టిది. బదులు మనుషులు త్రాసెక్కరు. మూడుసార్లు స్టెప్నీ గోడ పక్కన నిలబడి ఈ తంతు చూశాడు. స్నానాల గదిలో ఆ రెండు ముక్కలూ గొంతు మార్చి మార్చి అనుకుని చూసుకున్న రోజులున్నాయి.

ఆరు దిగింది. ఏడుని పిలిచారు.

ఎక్కాడు. నూట నాలుగు అని చదివారు. నవ్వులు. స్టెప్నీ పదకొండుమంది వైపు తిరిగాడు. వాళ్ళ వెనకే అద్దం. అద్దం అవతల భార్య, ఆవిడ పక్కన బామ్మర్ది భార్య పొట్ట మీద చెయ్యి వేసుకుని, వాళ్ళిద్దరికీ దూరంగా, లోపల నిలబడితే నలుగురికీ అంటుతుందని తలుపు బయట గాలిలో బామ్మర్ది. మూతికి రుమాలు కట్టుకున్నాడు. బావ త్రాసెక్కడం చూసి రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొడుతున్నాడు. చప్పుడు వినబడలేదు. మధ్యలో ఆగి, పక్కకి తిరిగి దగ్గి, మళ్ళీ కొట్టాడు.

"ఒంట్లో," అన్నాడు స్టెప్నీ. ఆగాడు. "ఆ నీడ నాది."

హాలంతా నవ్వింది. ఎండలో నిలబడితే ఎవడి నీడ వాడికుంటుందని ఒకరు అందుకున్నారు. ఇన్నేళ్ళకి త్రాసెక్కి కూడా బుద్ధి మారలేదన్నారు. ఆయన చెయ్యి ఎత్తి వద్దన్నట్టు ఊపాడు. అది కూడా నవ్వించడానికే అనుకున్నారు. ఇరవై ఏళ్ళుగా ప్రతి మాటకీ నవ్వు అలవాటు చేసింది ఆయనే కాబట్టి వాళ్ళని అనడానికీ లేదు. ఎక్స్‌రే నాది, వాడిది కాదు, పలక మారింది అని రెండోసారి చెప్పాడు. పలక మారిందా బలపం మారిందా అని వంటమనిషి పగలబడి నవ్వాడు. లీడరమ్మ మాత్రం నవ్వలేదు. పలకలు మారిన సంగతి జోకుల్లో ఉండదని ఆవిడకి తోచింది. దగ్గరికి వచ్చి, మామూలుగా చెప్పండి అంది.

మామూలుగా చెప్పాడు. పిలిచినప్పుడు వాడు మెట్ల కింద ఉండటం, తను వెళ్ళి నిలబడటం, బయటికొచ్చి వాణ్ణి వీపు మీద చెయ్యి వేసి తోయడం, లోపలి మనిషి తలెత్తకపోవడం, భోజనాల గంట. నాలుగు రోజులుగా తెలుసని కూడా చెప్పాడు. అది చెప్పేటప్పుడు గొంతు తగ్గింది, లీడరమ్మ మళ్ళీ చెప్పమంటే మళ్ళీ చెప్పాడు. నవ్వులు ఒక్కసారిగా ఆగలేదు. ముందు వరసలో ఆగి, తర్వాత వెనక ఆగి, చివరికి సంచుల దగ్గర ఏదో సర్దుకుంటూ వినని ఒక్క మనిషి నవ్వు మిగిలి, అదీ ఆగింది.

త్రాసు మీద ముల్లు మాత్రం వణుకుతూనే ఉంది. ఆయన దిగాక నిలబడింది.

విమానం ముప్పావుగంట ఆపారు. విమానాశ్రయం ఆసుపత్రి గదిలో డాక్టరుగారు ఇద్దరికీ మళ్ళీ తీయించారు, ఈసారి పలక మీద తనే స్వయంగా అంకె వేసి, ఎవరి ఛాతీకి ఏ పలకో చేత్తో పట్టుకుని చూసుకుని. ఫిలిం దీపానికి ఎత్తి పట్టుకున్నప్పుడు ఆయన ముక్కు దానికి తగిలింది. బామ్మర్ది ఛాతీ శుభ్రంగా ఉంది. రెండోదాని మీద గోరంత నీడ గోరంతగానే ఉంది. అది పాత మచ్చ కావచ్చు, కాకపోవచ్చు, పెద్దాసుపత్రిలో దొరికిన ఆ తేదీ మీ పేర మారుస్తానన్నారు డాక్టరుగారు. ఇంకేదో అనబోయి, స్టెప్నీ కోటు మీద లేని దుమ్ము దులిపి వెళ్ళిపోయారు.

బామ్మర్దికి విషయం సగమే తెలిసింది. నాకు లేదా, నాకు లేదా అని రెండుసార్లు అడిగి, మరెవరికని అడగకుండా బావ మొహం వైపు చూశాడు. ఉన్నది ఒక్కటే జత బట్టలు కాబట్టి నడవలోనే మార్పిడి జరగాల్సి వచ్చింది. స్టెప్నీ కోటు విప్పాడు, లోపలి కోటు విప్పాడు, కుర్చీ మీద కూర్చుని బూట్లు విప్పాడు. నాకొద్దు బావా అంటూనే ఉన్నాడు వాడు. తొడుక్కోరా, మాట్లాడితే టైము పోతుందని ఒక్కో చెయ్యీ పట్టి కోటులోకి దూర్చాడు. జిప్పు మెడదాకా లాగి, మూతికున్న రుమాలు విప్పి తన జేబులో పెట్టుకున్నాడు. కొలత సరిగ్గా సరిపోయింది. నోటుపుస్తకం వాడి జేబులో పెట్టాడు. ఆరో పేజీ లెక్క నువ్వు చేసిందే రైటు అన్నాడు.

మిగిలింది ఆడవాళ్ళకి చెప్పడం. అద్దం అవతలనుంచి వాళ్ళు చూసింది మూగబొమ్మలాట. ఈయన త్రాసెక్కడం, జనం నవ్వడం, నవ్వు ఆగడం, ఈయన దిగడం. బామ్మర్ది భార్య మొగుణ్ణి నారింజకోటులో చూసి ఏమీ అర్థంకాక ఏడుస్తోంది. స్టెప్నీ చొక్కా లాగూతో, బూట్లు లేకుండా సాక్సులతో బయటికొచ్చాడు. చేతులకి గ్లోవ్స్ మాత్రం ఉండిపోయాయి. వాటినే విప్పి, ఒక్కో చేతిలో ఒక్కొక్కటి పట్టుకున్నాడు.

"ఇది ఏడు, అంటే వాడు. ఇది ఏడు-ఏ, నేను," అని కుడిదీ ఎడమదీ చూపించాడు. "వాణ్ణి పిలిచారు, వాడు లేడు. నేను వెళ్ళాను." ఎడమ గ్లోవుని కుడి చేతిలోకి మార్చాడు. "తర్వాత వాడు నా చోట్లోకి వెళ్ళాడు." కుడిదాన్ని ఎడమ చేతిలోకి మార్చాడు. "అందుకని వీళ్ళు దీన్ని చూసి దానికి ఉందన్నారు. దానికి ఏమీ లేదు."

బామ్మర్ది భార్యకి అర్థమైంది. అద్దం లేకుండా, నాలుగు రోజుల తర్వాత మొదటిసారి మొగుడి చెయ్యి పట్టుకుంది. అక్కడే ఉన్న వంటమనిషి తల తిప్పుకున్నాడు.

స్టెప్నీ భార్య గ్లోవ్స్ వైపే చూస్తోంది. కాసేపటికి చెయ్యి చాచి, ఆయన కుడి చేతిలో ఉన్న ఎడమ గ్లోవుని తీసుకుంది.

"అయితే ఇది మీరు," అంది.

ఊఁ అన్నాడు.

ఆవిడ దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. లోపల ఆయన చేతి వేడి ఇంకా ఉన్నట్టుంది, వేళ్ళు లోపలికి పెట్టి చూసింది. స్టోరావిడ వచ్చి గ్లోవ్స్ జత కావాలంది. జత లేకపోతే విమానం ఎక్కనివ్వరు. స్టెప్నీ తన చేతిలోది ఇచ్చేశాడు. రెండోదాని కోసం స్టోరావిడ చాచిన చెయ్యి అలాగే ఉంది. బామ్మర్ది ఒక చేతికి తొడుక్కుని, ఇంకో చెయ్యి ఖాళీగా పెట్టుకుని, అక్క ఎదురుగా నిలబడ్డాడు. ఆవిడని ఎవరూ తొందరపెట్టలేదు.